ఫొటోలో టైరు ఉల్టా ఉంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక యువత పేజీలో మోటార్ సైకిల్ టైర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. రోజూ తిరిగే బండినే అప్పుడప్పుడు రేస్ ట్రాక్‌కు తీసుకెళ్లే కుర్రవాళ్లు ఎలాంటి టైర్లు వేసుకోవాలో అందులో రాశారు. పక్కన పావు పేజీ ఫొటో కూడా వేశారు. ఆ ఫొటోలో వెనక టైరు ఉల్టా ఎక్కించి ఉంది. టైరు పక్కగోడ మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం ఎటు తిరుగుతుందో అటే చూపాలి. మీ ఫొటోలో చక్రం పైభాగాన కనిపిస్తున్న బాణం ముందుకు చూడాల్సింది పోయి నంబర్ ప్లేటు వైపు చూస్తోంది. నల్లగొండలో పాతికేళ్లుగా టైర్ల షాపు నడుపుతున్నవాడిని, వ్యాసం కంటే ముందు నా కళ్లు అక్కడికే పోయాయి. పేపరు పట్టుకుని నాలో నేనే నవ్వుకుంటుంటే మా ఇంటామె "పొద్దుగాలనే ఏమైంది మీకు" అన్నది.

ఫొటో సంగతి సరే, తొందరలో ఏది దొరికితే అది వేసి ఉంటారు. నేను రాస్తున్నది వ్యాసంలోని ఒక మాట గురించి. రబ్బరు ఎంత మెత్తగా ఉంటే పట్టు అంత ఎక్కువ, కాబట్టి ట్రాక్‌కు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు మొదటినుంచీ రేసు టైరే వేసుకోవడం మేలు అన్నారు. సోమవారం పొద్దున షటర్ ఎత్తేసరికి ఇద్దరు పిల్లలు ఆ పేపరు ముక్క మడత పెట్టుకుని నా షాపు ముందు నిలబడి ఉన్నారు. ఒకడిది 200 సీసీ బండి, ఇంకొకడిది 150. "కాకా, గీ టైర్లు తెప్పిస్తవా" అని అడిగారు. తెప్పించను అన్నాను. ఎందుకు తెప్పించనో వాళ్లకు గంటసేపు నోటితో చెప్పాను. మిగతా జిల్లాలో ఇంకెంతమంది ఆ ముక్క చింపి దాచుకున్నారో తెలియదు కాబట్టి మీకు రాస్తున్నాను.

ముందు కిలోమీటర్లు లెక్క పెడదాం. మన దిక్కు పిల్లలు ట్రాక్ అంటే ఎక్కువగా పోయేది చెన్నైకి. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, ఢిల్లీ అవతల గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ కూడా ఉన్నాయి కానీ అంత దూరం మన పిల్లలు పోరు. చెన్నైకైతే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది. మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి, అక్కడినుంచి ఒంగోలు, నెల్లూరు. పోను ఐదువందల యాభై కిలోమీటర్ల పైమాటే, రాను అంతే. నేను చూసినప్పుడు అక్కడ ట్రాక్ మీదికి రోజు మొత్తంలో ఐదు విడతలు వదిలారు, విడతకు పదిహేను నిమిషాలు. కొత్తగా పోయినవాడు ఒక విడతలో ఆరు చుట్లు తిరిగితే గొప్ప. అంటే 22 కిలోమీటర్లు. ఐదు విడతలకు 110. ఈ 110 కిలోమీటర్ల కోసం పదకొండు వందల కిలోమీటర్లు రోడ్డు మీద పోయి రావాలి. ఇంటికొచ్చాక అదే బండి మీద కాలేజీకి పోవాలి, పొలానికి యూరియా బస్తా తేవాలి, అమ్మను దవాఖానకు తీసుకుపోవాలి.

టైరు కొనేటప్పుడు పిల్లల కళ్లముందు ఆ 110 కిలోమీటర్లే ఉంటాయి. అమ్మేవాడు గుర్తు చేస్తే తప్ప మిగతాది గుర్తుకు రాదు. అమ్మేవాడు ఎందుకు గుర్తు చేస్తాడు?

"నీకేం తెలుసు ట్రాక్ గురించి" అంటారేమో. నిజమే, ట్రాక్ మీద నేను బండి నడపలేదు. నాకు 51 ఏళ్లు, నడుము పట్టేసి చాలాకాలమైంది. కానీ పోయిన జనవరిలో మా షాపులో టైర్లు వేయించుకున్న ఐదుగురు పిల్లలు చెన్నై పోతూ "కాకా, నువ్వు గూడ రా, గాలి సంగతి నువ్వే చూస్కో" అని పట్టుబట్టారు. వాళ్లు బండ్ల మీద పోయారు, నేను రాత్రి రైలెక్కాను. సంచిలో గాలి మీటరు, కాలితో కొట్టే పంపు, వాల్వు పిన్ను, ఒక నోటుబుక్కు. రైల్లో పక్క సీటాయన ఆ పంపును చూసి సైకిల్ ఎక్కడ పెట్టారండీ అని అడిగాడు.

పొద్దున ఆరింటికే అక్కడ సందడి. బండ్లకు అద్దాలు విప్పేస్తారు, హెడ్‌లైటుకు టేపు వేస్తారు, తోలు సూట్లు తొడుక్కుంటారు. పెద్ద పెద్ద బండ్లవాళ్లు టైర్లకు కరెంటు దుప్పట్లు చుట్టి పెట్టారు. ఆ దుప్పట్లు టైరును 80 డిగ్రీల దాకా వేడి చేస్తాయి. ఎందుకంటే రేసు రబ్బరు ఆ వేడి దగ్గరే పని చేస్తుంది. దుప్పటి విప్పిన వెంటనే ట్రాక్ ఎక్కుతారు, పెద్ద ఇంజను దాన్ని గట్టిగా తోస్తుంది, ఆ వేడి నిలబడుతుంది. మన 150, 200 సీసీ బండ్లకు అంత బలం ఎక్కడిది? రేసు టైరు వేసినా దాన్ని వేడి చేయలేవు. వేడెక్కని రేసు టైరు మామూలు టైరు కంటే అధ్వాన్నం. మీ వ్యాసంలో లేనిది ఇదే. మెత్తటి రబ్బరు పట్టుకుంటుంది, నిజమే, కానీ ఎంత వేడి దగ్గర పట్టుకుంటుంది అన్నది అడగాలి. రోడ్డు కోసం చేసిన టైరు రబ్బరులో సిలికా కలుపుతారు, చల్లటి రోడ్డు మీదా తడి రోడ్డు మీదా పట్టు రావాలని. రెండు రబ్బర్ల టైర్లు కూడా వచ్చాయి, మధ్యలో గట్టిది, భుజాల దగ్గర, అంటే రెండు పక్కల అంచుల్లో, మెత్తది. నిటారుగా పోయేటప్పుడు మధ్యభాగం త్వరగా అరగదు, మలుపులో వంచితే మెత్తటి భుజం పట్టుకుంటుంది. హైవే మీద పోయి ట్రాక్ మీద తిరిగి మళ్లీ హైవే మీద వచ్చేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

మా ఐదుగురివీ రోడ్డు టైర్లే. మొదటి విడతకు ముందు గాలి నేనే చూశాను. ఒక బండి మీద కంపెనీ స్టిక్కర్‌లో ముందు 29, వెనక 32 అని ఉంది. ట్రాక్‌కని ముందు 27, వెనక 29 చేశాను. తిరిగి రాగానే, ఇంకా హెల్మెట్ విప్పకముందే మీటరు పెట్టాను. ముందు 27 కాస్తా 32 దాటింది. టైరు మీద చెయ్యి పెట్టి మూడు లెక్క పెట్టలేకపోయాను, అంత వేడి. ఇంకో పిల్లవాడు "నా గాలి ముట్టుకోకు కాకా, నేను చూసుకున్న" అని వెనక 33తోనే ఎక్కాడు. దిగేసరికి 39. "వెనక చక్రం తేలిపోతున్నట్టుంది" అన్నాడు. మరి తేలకేం చేస్తుంది? గాలి వేడెక్కితే ఉబ్బుతుంది, టైరు బిగుసుకుంటుంది, నేలకు ఆనే చోటు చిన్నదవుతుంది. అసలే రెండు చక్రాలకూ కలిపి నేలకు ఆనేది రెండు అరచేతులంత.

అందుకే ట్రాక్ కోసం టైరు మార్చేముందు గాలి మార్చి చూడమంటాను. రూపాయి ఖర్చు లేదు. ఎంత తగ్గించాలన్నది బండిని బట్టి, టైరును బట్టి ఉంటుంది. రెండు మూడు పాయింట్లతో మొదలుపెట్టి, ప్రతి విడత దిగగానే కొలిచి రాసుకోవాలి. సాయంత్రం ఇంటికి బయలుదేరేముందు, టైర్లు చల్లారాక, మళ్లీ కంపెనీ లెక్కకు నింపుకోవాలి. ఈ ఆఖరు పని మా పిల్లల్లో ఒకడు మరిచిపోయాడు. వెనక సంచి, సంచి మీద టెంటు, తక్కువ గాలి. నెల్లూరు దాటేసరికి బండి ఊగుతోందని ఫోన్ చేశాడు. ఆపి చూస్తే పక్కగోడ కాలిపోతోందట. గాలి తక్కువైతే పక్కగోడ అదేపనిగా మడతపడి లేస్తుంది, దాంతో టైరు లోపల్నుంచి ఉడుకుతుంది. ఇంకో గంట అలాగే వచ్చి ఉంటే ఏమయ్యేదో.

వేడి గాలి గురించి ఇంకో మాట. మే నెలలో మధ్యాహ్నం పెట్రోల్ బంకులో మీటరు పెడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. "ఎక్కువైంది, తీసెయ్" అని తీయిస్తారు. మర్నాడు పొద్దున టైరు చల్లారాక చూస్తే తక్కువ. నల్లగొండ ఎండలో 44 డిగ్రీలున్న రోజు గాలి తీయించుకున్నవాడే ఎక్కువ పంక్చర్లతో, పగిలిన పక్కగోడలతో నా దగ్గరికి వస్తాడు. కంపెనీ చెప్పే అంకె ఎప్పుడూ చల్లటి టైరుకే. నైట్రోజన్ నింపుకుంటే ఈ బాధ లేదని కొందరు అంటారు. మన చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే. నా షాపు ముందు కూడా నైట్రోజన్ బోర్డు ఉంది, అడిగినవాళ్లకు నింపుతాను, అబద్ధం చెప్పను. కానీ నా బండికి మామూలు గాలే.

మళ్లీ చెన్నైకి వస్తాను. మూడో విడత తర్వాత టైర్లను దగ్గరగా చూశాను. కుడి భుజం ఎక్కువ అరిగింది, ఆ సర్క్యూట్ గడియారం ముల్లు దిక్కుగా తిరుగుతుంది కాబట్టి. నలుగురి టైర్ల భుజం మీద రబ్బరు సన్నటి ఉండలు ఉండలుగా లేచి ఉంది, జొన్నపిండి కలిపినప్పుడు వేళ్లకు అంటి ఉండలు కట్టినట్టు. అది మంచి గుర్తే, రబ్బరు సమంగా పని చేసిందని అర్థం. ఐదోవాడి టైరు మాత్రం అలా లేదు. వాడిది పెద్ద బండి, నడిపేది కూడా వాడే బాగా. భుజం గోళ్లతో చీరినట్టు చిరిగి ఉంది. నాలుగో విడతలో వెనక చక్రం రెండుసార్లు పక్కకు పోయిందని చెప్పాడు. రోడ్డు టైరుకు అంతకంటే చేతకాదు, ఉడికిపోయింది. ఐదో విడత వద్దన్నాను, విన్నాడు. ఇలాంటివాడు ఏడాదికోసారి కాకుండా రెండు నెలలకోసారి పోతానంటే వాడికి మెత్తటి టైరు కావాల్సిందే. కానీ దాన్ని వేరే చక్రాల జతకు వేసి పెట్టుకోవాలి, ట్రాక్ దాకా బండిని వ్యాన్‌లో తీసుకుపోవాలి. డబ్బున్నవాళ్ల ముచ్చట అది. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయే మిగతా నలుగురికి ఉన్న టైర్లతోనే ఇంకా నేర్చుకోవాల్సింది బోలెడు. టైరుకు ఇంకా పట్టు మిగిలే ఉంది, వీళ్లకే ధైర్యం అయిపోయింది. భుజం చివర వేలెడు వెడల్పున అసలు నేలకు తగలని కొత్త రబ్బరు అలాగే ఉంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఇందులో నా తప్పు కూడా ఉంది.

మూడేళ్ల కింద డిసెంబరులో మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో వాడేసిన రేసు టైర్ల జత మూడున్నర వేలకు కొనుక్కొచ్చాడు. కొత్తవైతే దానికి నాలుగైదు రెట్లు. నేలకు తగిలేచోట టైరుకుండే గీతలు లేవు, నున్నగా నల్లగా ఉన్నాయి. "మామా, గమ్ము లెక్క పట్టుకుంటయట. జర ఎక్కియ్యవా" అన్నాడు. బొటనవేలి గోరు పెట్టి నొక్కి చూశాను, దిగలేదు. "ఏందిరా, గింత గట్టిగున్నయ్?" అంటే "వేడైతే మెత్తబడ్తయ్ మామా" అన్నాడు. పక్కగోడ మీద ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు ఏవో ఉన్నాయి. నాకు చత్వారం, కళ్లద్దాలు గల్లాపెట్టె మీద ఉన్నాయి. లేచి పది అడుగులు పోయి తెచ్చుకోలేదు. ఎక్కించేశాను.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి వాడు మిర్యాలగూడ బయలుదేరాడు. తిప్పర్తి దాటాక ఒక మలుపు అవతల రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, పైన పట్టా కప్పి ఉన్నాయి. కోతల కాలంలో ఆ రోడ్డు సగం వడ్లే. వడ్ల మీద ఏ టైరైనా జారుతుంది, దానికి టైరును అనేది లేదు. కానీ వాడు వడ్లదాకా పోనే లేదు. పొగమంచులో కుప్ప కనిపించగానే కుడికి కొద్దిగా వంచి ముందు బ్రేకు పట్టాడు, అంతే. మంచుకు చెమ్మ పట్టిన తారు మీద ముందు చక్రం సబ్బు బిళ్లలా జారిపోయింది. యాభైకి మించి స్పీడు లేదని వెనక వస్తున్న పాల ఆటో అతను కూడా చెప్పాడు. కాలర్ బోన్ విరిగింది, గదవకు కుట్లు పడ్డాయి. హెల్మెట్ ఉంది కాబట్టి అంతటితో పోయింది.

బండి మా షాపుకే తెచ్చారు. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. "నాట్ ఫర్ హైవే యూజ్" అని ఉంది. రోడ్డు మీద వాడకూడదు అని టైరు మీదే అచ్చు పోసి ఉంది. కొన్నిటి మీద ఇదే మాటను "ఎన్‌హెచ్ఎస్" అని మూడు అక్షరాల్లో వేస్తారు. మా అక్క రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడాక కూడా మొదట అడిగిన మాట "నీకు చదువొస్తది గద తమ్మీ" అని.

ఆ టైరు ఎందుకు గట్టిపడిందో తర్వాత చెన్నైలో ఒక రేసు మెకానిక్ చెప్పాడు, నాకూ సగం తెలిసిందే. రేసు టైరు ఒకసారి బాగా వేడెక్కి చల్లారితే ఆ రబ్బరు కొంచెం గట్టిపడుతుంది. మళ్లీ వేడి, మళ్లీ చల్లారడం, మళ్లీ గట్టి. పైకి అరగనట్టే కనిపిస్తుంది, లోపల పస ఉండదు. పస పోయింది కాబట్టే రేసువాళ్లు తీసేస్తారు. తీసేసినవి మన పిల్లల దాకా వస్తాయి. నున్నటి టైరుకు నీళ్లు పోయే దారి కూడా ఉండదు, వాన పడితే చక్రం నీళ్ల మీద తేలుతుంది. రేసు టైరుకు గీతలే ఉండవని వాదించే పిల్లలకు నేను ఒక సంగతి చెబుతుంటాను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అని కరెంటుతో నడిచే కార్ల రేసు జరిగింది కదా, ఆ కార్ల టైర్లకు గీతలున్నాయి. ఎండకూ వానకూ అదే టైరు. వీధుల్లో పరుగెత్తే రేసు కార్లే గీతలున్న టైరుతో పరుగెత్తితే, తిప్పర్తి దాకా పోయే మా మేనల్లుడికి నున్నటి టైరు ఎందుకు?

ఆ టైరును షాపు ముందు వేలాడదీశాను, ఆ అక్షరాలు బాగా కనబడేలా తెల్ల పెయింటు దిద్ది. వారానికి ఒకడైనా దాని ధర అడుగుతాడు.

పాతవే కాదు, కొత్తవి కొనేటప్పుడూ పక్కగోడ చదవాలి. కోలగా గీసిన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మా షాపుల్లోనూ అటక మీద రెండు మూడేళ్ల సరుకు ఉంటుంది, అడగనివాడికి ముందు అదే పోతుంది. ఇది రాసినందుకు పక్క షాపులవాళ్లు నన్ను తిడతారు. సైజు పక్కన ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 66 ఉంటే 300 కిలోల బరువు మోస్తుంది, 62 ఉంటే 265. అక్షరం స్పీడుకు: పి అయితే గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ అయితే 180, హెచ్ అయితే 210. బండితో వచ్చిన దానికంటే తక్కువ స్పీడు అక్షరం ఉన్నది వేసుకుని ట్రాక్‌కు పోవద్దు. సైజు అంకెల మధ్యలో ఆర్ అని ఉంటే అది రేడియల్, అంటే లోపలి దారాలు ఒక అంచునుంచి ఇంకో అంచుకు అడ్డంగా పోయే టైరు. బండికి కంపెనీవాళ్లు రేడియల్ ఇస్తే మళ్లీ రేడియలే వేయాలి. కంపెనీవాళ్లే అలా ఇస్తే తప్ప ముందు ఒక రకం, వెనక ఇంకో రకం వేసి సరిపెట్టుకోవద్దు.

ఏ కంపెనీది కొనాలి అని అడుగుతారు. నేను అమ్మేవాడిని కాబట్టి పేపర్లో పేరు చెప్పడం బాగుండదు. మన సదాశివపేటలో తయారైనా, ఇటలీ నుంచి ఓడలో వచ్చినా, నేను చెప్పినవి చదువుకుని కొంటే చాలు.

వెడల్పు పిచ్చి గురించి చెప్పకుండా ఆగలేను. 130 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఉన్న బండికి 150ది వేయమంటారు, వెనకనుంచి చూస్తే గంభీరంగా ఉంటుందని. రిమ్ము మారదు కదా. ఇరుకు రిమ్ములో వెడల్పు టైరు ఇరికిస్తే రెండు పక్కలూ లోపలికి నొక్కుకుపోయి నడుమ గుండ్రంగా ఉబ్బుతుంది. నిటారుగా పోయేటప్పుడు నేలకు ఆనేది పెరగదు సరికదా, తగ్గుతుంది. బండి మలుపులో బద్ధకంగా వంగుతుంది. ఒక్కోసారి చైనుకు రాసుకుంటుంది. ఒకాయన ఇలాగే వేయించుకుని చైను రాసుకున్న టైరును వారంలో వాపసు తెచ్చాడు. నేను వేసింది కాదు, కానీ నన్నే తిట్టి పోయాడు.

కొత్త టైరు మీద తయారీ అచ్చులోంచి వచ్చిన జిడ్డు పొర ఉంటుంది. మొదటి వంద కిలోమీటర్లు మెల్లగా నడిపి, మలుపుల్లో కొద్దికొద్దిగా వంచుతూ ఆ పొర పోగొట్టాలి. ట్రాక్‌కు ముందురోజు టైరు మార్పించుకుని పోయేవాళ్లు ఉన్నారు. బీడు, అంటే రిమ్ములో ఇమిడే టైరు అంచు, కూర్చోవడానికి మేం సబ్బునీళ్లు పూస్తాం, అది ఆరకముందే గట్టి బ్రేకు కొడితే రిమ్ము మీద టైరు పక్కకు తిరుగుతుంది. కనీసం వారం ముందు మార్చుకోండి. షాపులో "మెరుపు కొట్టు అన్నా" అని టైరు పాలిష్ పూయించుకోవడం మానండి. పక్కగోడ మీద పూసింది నేలకు తగిలేచోటికి పాకుతుంది. ట్యూబ్‌లెస్‌కు సూదితో గుచ్చి స్ట్రిప్పు పెట్టిన పంక్చర్ ఉంటే ఆ టైరుతో ట్రాక్ ఎక్కొద్దు. ఊళ్లో తిరగడానికి ఫరవాలేదు.

నా దగ్గరికి వచ్చే టైర్లలో ఎక్కువ భాగం నడుమ చపాతీలా చదునైపోయి, భుజాలు కొత్తగా ఉంటాయి. 65వ నంబరు హైవే మీద చౌటుప్పల్ దాకా, అక్కడినుంచి హైదరాబాద్ దాకా తిన్నగా పోయి వచ్చే బండి టైరు అలాగే అరుగుతుంది. అలా చదునైన టైరుతో మలుపులో వంగితే ఒక అంచు దాటినట్టు బండి ఒక్కసారిగా పక్కకు పడబోతుంది, కొత్తవాడు భయపడి బ్రేకు పడతాడు. మెత్తటి టైరైతే ఈ చదును ఇంకా తొందరగా వస్తుంది. అంటే మీ వ్యాసం చెప్పినట్టు మెత్తటిది వేసుకుని ట్రాక్ కోసం ఆర్నెల్లు ఎదురుచూసినవాడు, ట్రాక్‌కు పోయేసరికి దాన్ని హైవే మీదే అరగదీసుకుని ఉంటాడు.

ఇంత చెప్పి పిల్లల్ని ట్రాక్‌కు పోవద్దంటున్నానని అనుకోకండి. పోవాలనే అంటాను. ఆదివారం పొద్దున హైదరాబాద్ నుంచి, మన దగ్గరనుంచి గుంపులుగా శ్రీశైలం ఘాట్‌కు పోతారు. మన్ననూరు చెక్‌పోస్టు తెల్లవారి ఆరింటికి తెరవగానే లోపలికి దూసుకుపోతారు. అది అమ్రాబాద్ పులుల అడవి. మలుపు తిరిగితే కోతుల గుంపు, ఎదురుగా ఆర్టీసీ బస్సు, రోడ్డు మీద బస్సు కార్చిన డీజిలు. అక్కడ మోకాలు నేలకు ఆనించాలని చూసేవాడి టైరు ఏదైతేనేం? చెన్నైలో పడినవాడిని నేను చూశాను. ఇసుకలో దొర్లి, లేచి దులుపుకుని, ముందు బండి దగ్గరికే పరుగెత్తాడు. అంబులెన్సు అప్పటికే కదిలి వస్తోంది. ఘాట్‌లో పడితే ఆ వెసులుబాటు లేదు.

వచ్చే ఫిబ్రవరిలో మా మేనల్లుడు చెన్నై పోతానంటున్నాడు. ఎముక అతికింది, మా అక్క ఇంకా ఒప్పుకోలేదు. టైర్లు మాత్రం ఇప్పుడే వేశాను, కంపెనీ ఇచ్చిన సైజే, గీతలున్నవే, ఈ ఏడాది తయారైనవే. ఈసారి పక్కగోడ మొత్తం వాడితోనే గట్టిగా చదివించాను.

ఉత్తరం పొడుగైంది. మీకు చోటు లేకపోతే కత్తిరించుకోండి, వెడల్పు గురించి, నైట్రోజన్ గురించి తీసేసినా ఏం కాదు. చల్లటి రేసు టైరు గురించి, "నాట్ ఫర్ హైవే యూజ్" అనే అక్షరాల గురించి రాసింది మాత్రం ఉంచండి. ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. వీలైతే ఫొటో కూడా మార్చి వేయండి. ఈసారి బాణం ముందుకు ఉండేలా చూసుకోండి. ముందు టైరు గీతలు వెనకదానికి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తే మాత్రం కంగారు పడకండి, అది ఉల్టా కాదు. చాలా టైర్లకు ముందుది అలాగే ఉంటుంది, బాణం చూస్తే తెలిసిపోతుంది.

పేరు వేయకండి, బజారులో గొడవ.

ఇట్లు,
ఒక టైర్ల షాపు యజమాని,
దేవరకొండ రోడ్డు, నల్లగొండ